కొంగుముడిని శిల్పంగా మలచడం: చీర, మట్టి, చెక్కలతో ఒక జ్ఞాపకం

పోయిన మనిషి గుర్తుగా ఏదైనా చేద్దామనుకోగానే ముందు ముఖమే తోస్తుంది. ఫొటో ఎదురుగా పెట్టుకుని మట్టి పిసుకుతారు. నెల రోజులు కష్టపడ్డాక ఇంట్లోవాళ్లు చూసి "ముక్కు ఇలా ఉండేది కాదే" అంటారు. ఇక ఆ బొమ్మను చూసినప్పుడల్లా పోలిక కుదిరిందా లేదా అన్న మాటే తప్ప, మనిషి గుర్తుకు రావడం ఉండదు.

దీనికి వేరే దారి మన నేల మీద ఎప్పటినుంచో ఉంది. అమరావతి స్తూపం తొలినాటి పలకల్లో బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు. ఖాళీ సింహాసనం ఉంటుంది, పాదముద్రలు ఉంటాయి, వాటి చుట్టూ మొక్కుతున్న జనం ఉంటారు. నాగార్జునకొండలో బయటపడ్డ ఇక్ష్వాకుల కాలపు ఛాయాస్తంభాలు రాజులతోపాటు సైనికులకీ చేతిపనివాళ్లకీ నిలబెట్టినవి. మనిషి లేని చోటునే చూపించి మనిషిని గుర్తుచేయడం మనకు కొత్త కాదు.

ఈ మార్గదర్శిలో మొదటినుంచి చివరిదాకా ఒకే పని చేద్దాం. అమ్మమ్మ చీర కొంగు, దాని చివర చిల్లర, తాళంచెవి కట్టిన ముడి. లోపల మనిషి లేదు, భుజం ఉన్న ఆనవాలు మాత్రమే ఉంది. ఎత్తు 60 సెంటీమీటర్లు, అంటే భుజం నుంచి నడుము దాకా దాదాపు అసలు కొలతే. మీ ఇంటి జ్ఞాపకం నాన్నగారి కండువా కావచ్చు, తాతగారి చేతిసంచీ కావచ్చు. పద్ధతి ఇదే.

మొత్తం నాలుగైదు వారాలు పడుతుంది. చేతిపని పది పన్నెండు రోజులే, మిగతాదంతా ఆరబెట్టడం. వానాకాలంలో మొదలుపెట్టకండి. సంక్రాంతి తర్వాత నుంచి మార్చి దాకా గాలి పొడిగా ఉంటుంది, ఎండ మరీ ముదరదు. అదే మంచి అదను.

జ్ఞాపకాన్ని చేతికి పట్టేంతకు తగ్గించడం

"అమ్మమ్మ" అన్నది శిల్పానికి చాలా పెద్ద విషయం. "అమ్మమ్మ వంట" కూడా పెద్దదే. "కొంగుముడి విప్పి పావలా తీసి ఇవ్వడం" సరిపోయే కొలత. ఒక కాగితం మీద ఆ మనిషి చేసే పనులు పది రాయండి. పేర్లూ గుణాలూ వద్దు, చేతులు చేసే పనులు కావాలి: ముడి విప్పడం, చేట చెరగడం, ఒత్తి చేయడం, తాళం వేసి రెండుసార్లు లాగి చూడడం. ఆ మనిషిని ఎరిగిన ముగ్గురు నలుగుర్ని విడివిడిగా అడగండి. అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి అడిగితే మొదట మాట్లాడినవాళ్ల జ్ఞాపకమే అందరిదీ అయిపోతుంది. ఇద్దరు ముగ్గురి నోట అడక్కుండానే వచ్చిన పని ఏదో, అదే మీ శిల్పం.

ఇక్కడే ఇంకో మాట. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచకూడదనే పట్టింపు చాలా కుటుంబాల్లో ఉంది. పెద్దవాళ్లను ముందే అడగండి. చీర ఇవ్వడానికి మనసొప్పకపోతే అదే నేతలో, అదే అంచుతో మరో పాత నూలు చీర వాడుకోవచ్చు. ముడి కట్టిన తీరులో ఉంది జ్ఞాపకం, బట్ట దానికి ఆసరా.

వస్తువులను మూడు కుప్పలుగా విడదీయడం

దొరికినవన్నీ నేల మీద పరిచి, స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీయండి. తర్వాత మూడు కుప్పలు చేయండి. కోయకూడనివి, అంటించకూడనివి: పెళ్లిపట్టు, బంగారం, ఉత్తరాలు. వాడుకోగలిగినవి: రోజువారీ నూలు చీర, చెల్లని నాణేలు, విరిగిన ద్వారబంధం ముక్క. మరొకరి దగ్గర ఉన్నవి, అడిగి తీసుకోలేనివి: వీటికి అచ్చు తీస్తాం. మన పనిలో తాళంచెవి పెద్దమ్మ దగ్గరుంది అనుకుందాం.

చీరను వెంటనే ముట్టుకోవద్దు. ట్రంకుపెట్టెలో ఏళ్ల తరబడి ఉన్న బట్టలో వెండిపురుగులు, వాటి గుడ్లు ఉండొచ్చు. బట్టను పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి నొక్కేసి, మూతి గట్టిగా కట్టి ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టే ఫ్రీజర్ అరలో, అంటే మైనస్ 18 డిగ్రీల దగ్గర, రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక సంచి విప్పకుండా ఒక రోజు ఆగండి. చల్లటి బట్ట తగలగానే గాలిలోని తేమ నీటిచుక్కలై మరకలు పడతాయి, అందుకని. మ్యూజియాల్లోనూ పురుగులకు ఇదే వైద్యం.

చెక్కను వేలితో కొట్టి చూడండి. డొల్లగా మోగితే చెదలు తిన్నట్టు. చిన్న చిన్న రంధ్రాల కింద పిండిలాంటి కొత్త పొడి రాలుతుంటే పురుగు ఇంకా లోపలే ఉంది. అలాంటి చెక్క వద్దు. ఎండలో పెడితే పోతుందనుకోకండి.

బట్టలోంచి 10 సెంటీమీటర్ల చదరపు ముక్క ఒకటి కోసి బిరడా ఉన్న గాజు సీసాలో వేసి మూసేయండి. కర్పూరం, పౌడరు, పాత పెట్టె కలిసిన ఆ వాసన జిగురులో ముంచిన క్షణాన పోతుంది, మళ్లీ రాదు. ఈ పని మర్చిపోయినవాళ్లు తర్వాత బాధపడతారు.

కావలసిన సామాను

నూలు చీర కొంగు వైపు నుంచి 1.5 మీటర్లు. ద్వారబంధం చెక్క రెండు ముక్కలు, ఒక్కొక్కటి 30 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 7.5 మందం. ఇళ్లు పడగొట్టిన కలప అమ్మేచోట దొరుకుతుంది, మీ ఇంటిదైతే మరీ మంచిది. 8 ఎం.ఎం. ఇనుప చువ్వ 60 సెంటీమీటర్లు. 8 గేజి జి.ఐ. తీగ (జింకు పూత పూసిన ఇనుప తీగ) 2 మీటర్లు, 16 గేజిది 3 మీటర్లు. సన్నకళ్ల కోళ్ల జాలీ 50 సెంటీమీటర్ల చదరం. చింతగింజల పొడి 100 గ్రాములు, జల్లించిన రంపపు పొట్టు అర కిలో, బోరిక్ పొడి 10 గ్రాములు. ఫెవికాల్ ఒక కిలో. రెండు భాగాలు కలిపే ఎపాక్సీ జిగురు. కుమ్మరి దగ్గర నానిన మట్టి అర కిలో. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ చిన్న డబ్బా. వీలైతే పారలాయిడ్ బి-72 అనే యాక్రిలిక్ రెసిన్ 50 గ్రాములు, దానికి అసిటోన్. ఈ రెసిన్‌ను మ్యూజియాల్లో వాడతారు. ఎప్పుడు కావాలన్నా అసిటోన్‌తో మళ్లీ కరిగించి తీసేయవచ్చన్నదే దాని గొప్ప. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి.

నమూనా

15 సెంటీమీటర్ల ఎత్తున ఒండ్రుమట్టితో మూడు నమూనాలు చేయండి. ఒకటి చాలదు. మొదటిది మనకు అలవాటైన ఆలోచన, రెండోది దానికి విరుగుడు, మూడోదానికి గానీ అసలు విషయం బయటపడదు. వీటిలో చూడాల్సింది ఒక్కటే: ముడి ఎక్కడ వేలాడుతుంది? భుజం నుంచి నేరుగా కిందికా, వెనకనుంచి నడుము చుట్టి ముందుకొచ్చా? కొంగు వెనకనుంచి కుడిపక్కగా ముందుకు లాగి బొడ్లో దోపుకునేవాళ్ల ముడి, భుజం మీంచి వదిలేసేవాళ్ల ముడి వేర్వేరు చోట్ల ఉంటాయి. పాత ఫొటోల్లో చూసి తేల్చుకోండి.

మడతల నమూనా మాత్రం చేతిరుమాలుతో చేయకండి. బొమ్మ చిన్నదైనంత మాత్రాన గుడ్డ మందం చిన్నదవదు. రుమాలు మడతలు మొద్దుగా వచ్చి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తాయి. పల్చటి మల్లు గుడ్డ వాడండి. ఈ శిల్పాన్ని అసలు కొలతలోనే చేయమనడానికి కారణం కూడా ఇదే.

పీఠం, లోపలి ఆధారం

చెక్క ముక్కలు రెంటినీ పక్కపక్కన పెట్టి అడుగున రెండు ఇనుప పట్టీలు అడ్డంగా వేసి స్క్రూలతో బిగించండి. 30 బై 20 సెంటీమీటర్ల పీఠం వస్తుంది, బరువు మూడు కిలోల దాకా తూగుతుంది. పైన నిలబడేది రెండు కిలోలు దాటదు కాబట్టి పడిపోదు.

పై ముఖానికి సాండ్ పేపర్ పెట్టకండి. ద్వారబంధం చెక్క మీద పసుపు, కుంకుమ, చేతులు తగిలి అరిగిన నునుపు ఉంటాయి. మనకు కావలసినవి అవే. మెత్తటి పొడి బ్రష్షుతో దుమ్ము మాత్రం దులపండి. తడిగుడ్డ, సబ్బు అసలే వద్దు. పసుపుకు సబ్బుగానీ సున్నంగానీ తగిలితే ఎర్రబడుతుంది. ఇంట్లో కుంకుమ చేసినవాళ్లకు ఇది తెలిసిన విషయమే. ఆ పసుపు నిలవాలంటే అసిటోన్ 100 మిల్లీలీటర్లలో పారలాయిడ్ 5 గ్రాములు కరిగించి ముందు ఒక మూల పరీక్షించండి. రంగు పాకితే బ్రష్షు మానేసి స్ప్రే సీసాతో దూరంనుంచి సన్నగా కొట్టండి. గది కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా చేయాలి. అసిటోన్ ఆవిరి కూడా అంటుకుంటుంది.

వెనక అంచుకు 7 సెంటీమీటర్లు లోపలికి 8 ఎం.ఎం. రంధ్రం, 5 సెంటీమీటర్ల లోతు తొలవండి. రెండు ముక్కలు కలిసే గీత మీద కాకుండా ఒక ముక్కలోనే పడాలి. చువ్వకు రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు వేసి, ఆరాక ఎపాక్సీతో నిలబెట్టండి. ఒక రాత్రి కదపకండి.

చువ్వ పైకొనన 8 గేజి తీగను భుజం వంపుగా వంచి 16 గేజితో గట్టిగా చుట్టి కట్టండి. ఒక ఎడమ భుజం, మెడ మొదలు, వీపులో కొంచెం భాగం. అంతే, తల వద్దు, కుడి భుజం వద్దు. దీనిమీద కోళ్ల జాలీ పరిచి నొక్కితే భుజం ఆకారం వస్తుంది. కడ్డీలు కట్టే నల్ల తీగ వాడితే తడి తగిలి తుప్పు పట్టి, కొన్ని నెలల్లో గోధుమరంగు మరకలు చీర మీదికి తేలతాయి. జి.ఐ. తీగే వాడండి. జాలీ కోసిన చోట జింకు పూత పోతుంది గనుక ఆ కొనలకు కూడా ప్రైమర్ అద్దండి.

భుజానికి మక్కు

కొండపల్లి బొమ్మలవాళ్లు తెల్లపొణికి కర్రతో కాళ్లు, చేతులు విడిగా చెక్కి, రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన మక్కుతో అతుకుతారు. అదే మక్కు మనకిక్కడ కండరం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కంటే తేలిక, దెబ్బ తగిలితే పెచ్చులూడదు, ఆరాక కత్తితో చెక్కుకోవచ్చు.

చింతగింజల పొడి 100 గ్రాములను ముందు చల్లటి నీళ్లలో ఉండ కట్టకుండా కలపండి. మొత్తం నీళ్లు ఒక లీటరు. సన్న సెగ మీద అడుగంటకుండా కలుపుతూ అరగంట ఉడికిస్తే తీగ సాగే జిగురవుతుంది. దించాక బోరిక్ పొడి కలపండి. బైండింగ్ పనివాళ్లు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం వేస్తారు గానీ ఇక్కడ అది పనికిరాదు. లోపల ఇనుము, జింకు ఉన్నాయి. మైలుతుత్తం జింకును తినేసి ఇనుము మీద రాగి పూత పడుతుంది, ఆ చోట తుప్పు ఇంకా తొందరగా వస్తుంది. బోరిక్ కలిపిన గిన్నెను మళ్లీ వంటకు వాడకండి.

జిగురు గోరువెచ్చగా ఉండగా రంపపు పొట్టు కొద్దికొద్దిగా కలుపుతూ చపాతీ పిండి గట్టిదనానికి తెచ్చుకోండి. జాలీ కళ్లలోకి దూరేలా అరచేత్తో అద్దాలి. ఒక్కో పొర 5 మిల్లీమీటర్లు మించకూడదు. పొరకు పొరకు మధ్య నీడలో రెండు రోజులు ఆరనివ్వండి. మూడు పొరలు చాలు. తొందరపడి ఎండలో పెడితే పైపొర ముందు బిగిసి, లోపలి తడి ఆవిరయ్యేటప్పుడు నెర్రెలిస్తుంది. మందంగా ఒకేసారి పెడితే లోపల బూజు పడుతుంది, ముక్క వాసన రావడమే గుర్తు. బూజు పట్టిన భాగాన్ని చెక్కేసి కొత్త మక్కు పెట్టడం తప్ప వేరే మందు లేదు. సన్న నెర్రెలైతే పలచటి మక్కు పూసి నింపేయవచ్చు.

వీపు వైపు వాసన సీసా పట్టేంత గూడు ఒకటి ఇప్పుడే వదిలేయండి. ఆరాక తొలవడం కష్టం.

తాళంచెవి అచ్చు

రేచల్ వైట్‌రీడ్ అనే బ్రిటిష్ శిల్పి 1993లో తూర్పు లండన్‌లో ఒక ఇంటి లోపలి ఖాళీనంతా కాంక్రీటుతో పోతపోసి, గోడలు తీసేశారు. గదుల గాలి గట్టిపడి నిలబడ్డట్టు ఉండేది. మరుసటి జనవరిలోనే దాన్ని పడగొట్టారు. వస్తువు లేకుండా వస్తువు ఆనవాలు ఎంత బరువుగా ఉంటుందో చూపిన పని అది. మన చిన్న పలకలో చేసేదీ అదే.

వాకిట్లో మట్టి గుప్పెడు తీసుకుని పిండి జల్లెడలో రెండుసార్లు జల్లించండి. సున్నపురాయి పలుకు ఒక్కటి మిగిలినా కాల్చాక గాలిలోని తేమ పీల్చి ఉబ్బి, పలక మీద పెచ్చు లేపుతుంది. జల్లించిన మట్టి 50 గ్రాములు, కుమ్మరి మట్టి 500 గ్రాములు బాగా తొక్కి కలపండి. అంతకంటే ఎక్కువ వేస్తే జిగి తగ్గి విరుగుతుంది. 15 బై 8 సెంటీమీటర్ల పలక, 12 మిల్లీమీటర్ల మందం. చేత్తో నొక్కితే వేలిముద్ర పడి మట్టి అంటుకోకుండా ఉండే దశలో తాళంచెవికి సన్న టాల్కమ్ పౌడరు అద్ది, సగం మందం దాకా నిటారుగా నొక్కి, నిటారుగానే పైకి తీయండి. పక్కకు వంచి తీస్తే అంచులు చెదురుతాయి. చెవిని వెంటనే కడిగి తుడిచి పెద్దమ్మకు ఇచ్చేయండి.

పలకను రెండు న్యూస్ పేపర్ల మధ్య, పైన తేలికపాటి చెక్క పెట్టి వారం పది రోజులు నీడలో ఆరనివ్వాలి. రోజూ పేపర్లు మార్చాలి, లేకపోతే అంచులు పైకి లేస్తాయి. తర్వాత కుమ్మరి ఆవంలో కుండలతోపాటు కాల్పించండి. లోపల తడి మిగిలి ఉంటే ఆవంలో పగిలిపోతుంది. బుగ్గకు ఆనిస్తే చల్లగా తగిలిందంటే ఇంకా ఆరలేదని అర్థం.

ఆరడంలో, కాలడంలో కలిపి మట్టి నూటికి ఆరు నుంచి పది పాళ్లు కుంగుతుంది. కాలి వచ్చిన అచ్చులో అసలు తాళంచెవి ఇక పట్టదు. చాలామంది దీన్ని లోపమనుకుని ప్లాస్టర్‌కు మారతారు. మా మాటగా చెప్పాలంటే వదలకుండా ఉంచుకోవాల్సింది దీన్నే. చిన్నప్పుడు పెద్దగా కనిపించిన వస్తువు జ్ఞాపకంలో ఇలాగే కుంచించుకుపోతుంది, తిరిగి సరిపోదు.

కొలత మారకూడదనే పట్టు ఉంటే ప్లాస్టర్ వాడండి. ఈ పలకకు 150 ఘనపు సెంటీమీటర్లు కావాలి, కాస్త మిగులు వేసుకుని 170 గ్రాముల పొడి, 110 మిల్లీలీటర్ల నీళ్లు. నీళ్లలోకి పొడిని చల్లాలి, పొడిమీద నీళ్లు పోయకూడదు. చల్లాక రెండు నిమిషాలు నాననిచ్చి, బుడగ లేవకుండా నెమ్మదిగా కలపండి. మిగిలిన ప్లాస్టర్‌ను సింకులో కడిగితే పైపులో గట్టిపడుతుంది. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది. పిల్లల చేయి, కాలు అచ్చు తీద్దామని నేరుగా ప్లాస్టర్ గిన్నెలో పెట్టించకండి, తీవ్రంగా కాలుతుంది. శరీరపు అచ్చుకు పళ్ల డాక్టర్లు వాడే ఆల్జినేట్ పొడి ఉంది.

విదేశాల్లో ఉన్నవాళ్లు ఇంటి మట్టి పట్టుకెళ్లాలనుకుంటే జాగ్రత్త. అమెరికా, ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో మట్టి దిగుమతి మీద గట్టి ఆంక్షలున్నాయి, విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. ఊళ్లోనే కాల్పించి పలకగా పట్టుకెళ్లి, అడిగితే చూపించడం నయం.

చీరను నిలబెట్టడం

అన్నిటికంటే ఎక్కువ పాడయ్యేది ఈ దశలోనే. ముందు చీరను మామూలు నీళ్లలో నానబెట్టి పాత గంజి అంతా పోయేదాకా జాడించి ఆరేయండి. గంజి మిగిలితే జిగురు లోపలికి దిగదు. రంగు దిగుతుందేమో చూడాలి. అంచు మీద ఒక మూల తడిపి తెల్లగుడ్డతో రెండు నిమిషాలు నొక్కండి. తెల్లగుడ్డకు రంగు అంటితే ఫెవికాల్ నీళ్లలో మొత్తం చీర మీదికి పాకుతుంది. అప్పుడు అసిటోన్ 100 మిల్లీలీటర్లకు పారలాయిడ్ 10 గ్రాముల పాళ్లలో కరిగించి బ్రష్షుతో పట్టించాలి. దాన్ని కూడా ముందు ముక్కమీద చూసుకోండి, కొన్ని రంగులు అసిటోన్‌కు కూడా కరుగుతాయి.

రంగు నిలిస్తే ఫెవికాల్ 400 మిల్లీలీటర్లు, నీళ్లు 400 మిల్లీలీటర్లు వెడల్పాటి బేసిన్‌లో కలపండి. మొత్తం చీరను ఒకేసారి ముంచకండి. తడిసిన గుడ్డ బరువుకు భుజం మీది కుచ్చెళ్లన్నీ కిందికి జారిపోతాయి. మొదటి రోజు భుజం మీద పడే 40 సెంటీమీటర్ల మేర మాత్రమే ముంచి, పిండి, మడతలు పేర్చి, బట్టలకు పెట్టే క్లిప్పులతో పట్టి వదిలేయండి. అది బిగిశాక రెండో రోజు కింది భాగాన్ని బ్రష్షుతో తడిపి మడతలు తీర్చండి. ఎండాకాలంలో చేతిలో అరగంటే ఉంటుంది, తర్వాత మడత మారిస్తే తెల్లటి గీతలు పడతాయి. స్ప్రే సీసాతో నీళ్లు కొట్టి ఆ గీతలను కొంతవరకు పోగొట్టవచ్చు.

డొల్లగా నిలబడాల్సిన మడతల లోపల న్యూస్ పేపర్ చుట్టలకు పాలిథిన్ కప్పి పెట్టండి. పాలిథిన్ లేకపోతే కాగితం అంటుకుపోయి, పీకితే చీర చిరుగుతుంది. ఒక రోజు తర్వాత మెల్లగా తీసేయండి.

రెండో పూత ఫెవికాల్ రెండు పాళ్లు, నీళ్లు ఒక పాలు. దీన్ని లోపలి వైపు మాత్రమే వేయండి. బయట కూడా వేస్తే ఆరాక చీర ప్లాస్టిక్ పువ్వులా మెరుస్తుంది. ఈ తరహా పనుల్లో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. గట్టిదనం ఎక్కువ కావాలనిపిస్తే బయట జిగురు పెంచకండి, లోపలి అంచు మడతలో 16 గేజి తీగ దూర్చి కుట్టండి. కోస్తా జిల్లాల్లో ఉన్నవాళ్లకు ఆ తీగ తప్పనిసరి. వానాకాలపు ఉక్కకు ఫెవికాల్ మెత్తబడి, నిలబడ్డ మడత మెల్లగా ఒంగిపోతుంది.

జరీ అంచు ఉంటే దానికి జిగురు తగలకుండా చూడండి. పాత అసలు జరీలో వెండి ఉంటుంది, గాలికి నల్లబడుతుంది. దాన్ని చింతపండుతో తోమాలనే కోరిక ఆపుకోండి. ఆ పులుపు నూలులో మిగిలి తర్వాత పచ్చటి మరకలు తేలతాయి, దారం కుళ్లుతుంది.

ముడి

కొంగు చివరి 15 సెంటీమీటర్లకు జిగురు తగలనివ్వకండి. గట్టిపడ్డ గుడ్డ అక్కడితో ఆగాలి. ముడి మెత్తగా, పొడిగా, విప్పితే విడిపోయేలా ఉండాలి. శిల్పమంతటిలో మెత్తటి చోటు అదొక్కటే, అందుకే చూసినవాళ్ల చేయి అటే పోతుంది. గట్టి గుడ్డ ఒక్కసారిగా ఆగితే గీత కనిపిస్తుంది. కాబట్టి చివరి నాలుగు వేళ్ల మేర జిగురును నీళ్లతో పలచన చేస్తూ రండి.

లోపల ఏం పెట్టాలి? ఆ మనిషి కాలపు చిల్లర. నాలుగు పలకల అయిదు పైసలు, అంచు వంపులు తిరిగిన పది పైసలు, ఆరు పలకల ఇరవై పైసలు, ఇవన్నీ అల్యూమినియం. పావలా, దానికంటే చిన్న నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లడం లేదు. పాత డబ్బాల్లో వెతికితే దొరుకుతాయి. అల్యూమినియం నాణెం తేలిక, ముడి కిందికి లాగినట్టు ఉండదు. బరువు కావాలంటే రూపాయి బిళ్లలు రెండు కలపండి. ముడి వేలాడే తీరుని బరువే నిర్ణయిస్తుంది. నాణేలు కడిగి పూర్తిగా ఆరాకే పెట్టాలి. ఇత్తడి తాళంచెవి ఒకటి కలుపుతుంటే దానికి పారలాయిడ్ పూత వేయండి. చేతి చెమటకు ఇత్తడి పచ్చబడి చీరకు అంటుతుంది.

ముడి కట్టడంలో చూడాల్సినవి: గుడ్డ మూలను నాణేల మీదికి మడిచారా, చుట్టారా? ముడి ఒకటా, రెండా? ముడి దాటి మిగిలిన కొస ఎంత, ఎలుక తోకలా వేలాడేదా, లోపలికి దోపేవారా? చీర మీద పాత ముడి ఆనవాలుంటే, ఆ చోట నూలు సన్నటి ముడతలు పడి రంగు కొంచెం మాసి ఉంటుంది. వెలుతురుకు పట్టి చూస్తే కనిపిస్తుంది. ఆ ముడతల మీదే మళ్లీ ముడి పడాలి. గుడ్డకు అలవాటైన మడత అది, దానంతటదే అక్కడికి వెళుతుంది.

నిలబెట్టే చోటు

కాల్చిన పలకను పీఠం ముందు వైపు, చెక్కలో 5 మిల్లీమీటర్ల పల్లం తొలిచి దాన్లో ఎపాక్సీ నాలుగు చుక్కలతో కూర్చోబెట్టండి. మొత్తం పూయకండి. చెక్క వానాకాలంలో ఉబ్బుతుంది, పలక ఉబ్బదు, అంతా అంటి ఉంటే పలక పగులుతుంది.

ముడి నేలనుంచి 105 నుంచి 110 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా బల్ల చూసుకోండి. పెద్దవాళ్ల మోచేతి దగ్గరికి వస్తుంది. గాజు పెట్టెలో పెట్టొద్దు. కిటికీ ఎండ నేరుగా పడకూడదు, పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. ఒకే ఎల్.ఇ.డి. దీపం పైనుంచి పక్కగా పడితే మడతల నీడలు లోపల భుజం ఉన్న భ్రమ కలిగిస్తాయి. ఎదురునుంచి వెలుతురు పడితే ఆ భ్రమ పోయి గుడ్డ గుడ్డలాగే కనిపిస్తుంది.

నెలకోసారి మెత్తటి బ్రష్షుతో మడతల్లో దుమ్ము దులపండి. వానాకాలానికి ముందు, తర్వాత వీపు వైపు గూడులో టార్చి వేసి పురుగు, బూజు చూడండి. చేతులు తగిలి ముడి నల్లబడుతుంది. ఉతకకండి, అసలు ముడి కూడా అలాగే ఉండేది.

పిల్లలు విప్పేస్తారు. విప్పనివ్వండి. మళ్లీ కట్టడానికి అమ్మమ్మను దగ్గరగా చూసినవాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల వేళ్లు మాత్రమే కనిపించేలా ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి. ఈ పని శిల్పం మొదలుపెట్టిన వారంలోనే చేయాలి.